నేను న్యూజెర్సీలోనే ఉన్నానని మా కంప్యూటరు ఒప్పుకున్న వేళ

పన్నెండేళ్ళుగా జెర్సీ సిటీలో ఉంటున్నాను. ఇక్కడే ఇల్లు కొన్నాం. దేశంలోకెల్లా ఎక్కువని పేరుపడ్డ ఇంటిపన్ను ఏటా మూలుగుతూ కడుతున్నాం. అయినా సరే, నేను న్యూజెర్సీలో ఉన్నానని నా డబ్బుతో కొన్న నా కంప్యూటరు చేత ఒప్పించడానికి ఆరు రోజులు పట్టింది. మొన్న శనివారం రాత్రి ఒప్పుకుంది. మంట చల్లారకముందే రాస్తున్నాను, ఎక్కడైనా మాట తూలితే సర్దుకోండి.

సంగతి ఆన్‌లైన్ పోకర్ గురించి. ఇండియాలో ఉన్నవాళ్ళకి ముందే చెప్తున్నా, ఇది మీకు పనికొచ్చే అనుభవం కాదు. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రాలో 2020లోనే డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటాన్ని నిషేధించారు. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మా తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, ఏదో దారి ఉంటుందిలే, నాకూ చెప్పు" అన్నాడు. ఏ దారీ లేదు, నోర్మూసుకుని ఉద్యోగం చేసుకో అన్నాను. న్యూజెర్సీలో మాత్రం 2013 నవంబరు నుంచి చట్టబద్ధం. ఇరవై ఒక్కేళ్ళు నిండాలి, ఆడే వేళకి మనిషి రాష్ట్రం లోపల ఉండాలి. ఈ రెండో షరతే నా కొంప ముంచింది. మా హాల్లో కిటికీ తీస్తే హడ్సన్ నది, నదికి అవతల న్యూయార్క్ రాష్ట్రపు మన్‌హట్టన్. అక్కడ కూర్చుని ఆడటానికి వీల్లేదు. ఇక్కడ కూర్చుంటే ఆడొచ్చు. మధ్యలో ఉన్నది నీళ్ళే.

పాత డబ్బా 2017లో కొన్నది. ఎనిమిది జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు. ఒకేసారి నాలుగు టేబుళ్ళు తెరిచి, పక్కన ఆడిన చేతులన్నీ (ముక్కలు పంచిన ప్రతిసారీ ఒక చెయ్యి) దాచిపెట్టే ట్రాకర్ ప్రోగ్రాము కూడా నడిపితే ఆయాసపడేది. ఆ ట్రాకర్ వెనకాల నడిచేది పోస్ట్‌గ్రెస్ డేటాబేసు. లక్షల చేతులు చేరేసరికి డిస్కు పిండిమరలా శబ్దం చేసేది. సెప్టెంబరులో ఒక రాత్రి నా చేతికి రెండు రాజులు వచ్చాయి, ఇస్పేటు ఒకటి, ఆఠీను ఒకటి. ముందువాడు పందెం పెంచాడు, ఆ వెనకవాడు ఇంకా పెంచాడు. నేను నా దగ్గరున్నది మొత్తం పందెంలోకి తోసేద్దామని మౌస్ నొక్కితే స్క్రీన్ బిగుసుకుపోయింది. గడియారం అయిపోయింది. సైటు నా రాజులిద్దర్నీ తీసుకెళ్ళి ఫోల్డ్ చేసింది, అంటే నేను ఆ చెయ్యి వదిలేసినట్టు లెక్కేసింది. పోయింది పెద్ద మొత్తమేం కాదు. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆపేశారు. నాది ఏడో తరం ప్రాసెసర్, విండోస్ 11 దాన్ని గడప తొక్కనివ్వదు. ఇక కొత్తది కొనక తప్పలేదు.

థాంక్స్‌గివింగ్ మరుసటి ఆదివారం పాటర్సన్‌లోని మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళాను. బ్లాక్ ఫ్రైడే తగ్గింపులు ఇంకా నడుస్తున్నాయి. పాత పోకర్ వాళ్ళకి బ్లాక్ ఫ్రైడే అంటే వేరే రోజు లెండి, 2011 ఏప్రిల్ 15. అమెరికా ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్ల డొమైన్లు జప్తు చేసిన రోజు.

కొనుగోళ్ళు చకచకా అయిపోయాయి. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు, మీరూ కొనకండి. పోకర్‌కి అది పెళ్ళికి బుల్‌డోజర్‌లో వెళ్ళినట్టు. ఆఫీసులో ఒకాయన ఐదువందల డాలర్ల కార్డు లేకుండా కంప్యూటర్ ఏమిటని నన్ను జాలిగా చూశాడు. ఆయన ఇంట్లో ఆ కార్డు మీద నడిచేది ఎక్సెల్. నేను లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 ప్రాసెసర్ తీసుకున్నాను. ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, అరవైనాలుగు అనుకున్నది ముప్పైరెండు జీబీతో సరిపెట్టాను. ఒక టెరాబైటు ఎస్సెస్డీ. ముప్పైరెండు అంగుళాల 4కే మానిటరు. ఈ మానిటరు మీద మాత్రం డబ్బు చూసుకోకండి, దీని మీద నాలుగు ఫుల్ హెచ్‌డీ కిటికీలు ఒకదాని మీదొకటి పడకుండా సరిగ్గా సరిపోతాయి. తెనాలిలో కరెంటు కోతల్లో పెరిగిన ప్రాణం కాబట్టి యూపీఎస్ కూడా కొన్నాను. మా ఆవిడ నవ్వింది. నవ్వనీ.

మిగిలింది మదర్‌బోర్డు. అక్కడున్న కుర్రాడు ఒకే బోర్డు రెండు రకాలు చూపించాడు. ఒకదాని పేరు చివర వైఫై అని ఉంది, రెండోదానికి లేదు. తేడా ఇరవై డాలర్లు. "వైఫై ఉన్నది తీసుకుంటారా సార్?" అని మర్యాదగానే అడిగాడు. నేను వాడికి ఒక ఉపన్యాసం ఇచ్చాను. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని, నెట్‌వర్కులు నా తిండి అని, బుద్ధున్నవాడు ఆటకి వైరే వాడతాడని, వైఫై గాలివాటమని. వెనక క్యూలో నిలబడ్డ ఇద్దరు కూడా విన్నారు. కుర్రాడు "మీ ఇష్టం సార్" అని వైఫై లేనిది బిల్లేశాడు. ఆ మొహం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

సోమవారం రాత్రి బిగించాను. మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ రాలేదు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. బోర్డు చచ్చిందనుకుని చెమటలు పట్టాయి. కొత్త డీడీఆర్5 ర్యామ్‌ని మొదటిసారి సర్దుకోవడానికి బోర్డు కొన్ని నిమిషాలు తీసుకుంటుందట. ఆపకుండా వదిలేయండి, కాఫీ పెట్టుకోండి. తర్వాత మౌస్ ఈడ్చుకుంటూ కదిలింది. పాత హెచ్‌డీఎంఐ తీగ సెకనుకి ముప్పై ఫ్రేములే మోస్తోంది. డిస్‌ప్లేపోర్టు తీగ వేస్తే అరవై వచ్చింది. విండోస్, ట్రాకర్, పాత డేటాబేసు అన్నీ గంటలో ఎక్కాయి. నాలుగు టేబుళ్ళకి బదులు ఆరు తెరుద్దామని చేతులు రుద్దుకుని లాగిన్ అయ్యాను.

"మీ లొకేషన్ నిర్ధారించలేకపోతున్నాం."

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. మీరు రాష్ట్రం లోపలే ఉన్నారని చూడటానికి సైటు మీ కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాము పెట్టిస్తుంది. లాగిన్ అయినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఆడుతున్నంతసేపూ మధ్యమధ్యలో అది మిమ్మల్ని తడిమి చూస్తుంది. హద్దుకి దగ్గరగా ఉంటే మరీ ఎక్కువసార్లు. ఉన్న చోటు దాచిపెట్టే వీపీఎన్ ఉందా, దూరం నుంచి ఎవరైనా ఈ మిషను నడుపుతున్నారా, అసలు ఇది నిజమైన మిషనేనా లేక మిషను లోపలి మిషనా, అన్నీ చూస్తుంది. పాత డబ్బాలో నెలల తరబడి కిక్కురుమనకుండా పనిచేసింది.

మంగళవారం కొత్త సందేశం వచ్చింది. దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది, తీసేయమంది. నిజమే, ఎనీడెస్క్ ఉంది. తెనాలిలో మా నాన్నగారి కంప్యూటరు బాగుచెయ్యడానికి పెట్టుకున్నాను. తీసేశాను. సరిగ్గా తొమ్మిదింటికి, అంటే అక్కడ పొద్దున ఏడున్నరకి, నాన్న ఫోను. "ఒరే, పేపరు తెరుచుకోవట్లేదురా, కాస్త లోపలికొచ్చి చూడు." రేపు చూస్తా నాన్నా అన్నాను. "రేపటికి ఇది పాత పేపరవుతుంది కదరా" అని పెట్టేశారు.

ఎనీడెస్క్ తీశాక మళ్ళీ మొదటి సందేశమే. ఆఫీసు పనికోసం పెట్టుకున్న వర్చువల్ మిషన్లు, అంటే ఆ మిషను లోపలి మిషన్లు, తీసేశాను. యాంటీవైరస్ ఆపాను. చివరికి విండోస్ మొత్తం మళ్ళీ వేశాను. అదే మాట.

బుధవారం సపోర్టు చాట్‌లోకి వెళ్ళాను. ఇక్కడి నుంచి నా పరువు మెట్లు దిగడం మొదలైంది. మొదటివాడు రౌటర్ ఆపి వెయ్యమన్నాడు. వేశాను. రెండోది, ఆమె, రౌటర్ ఆపి వెయ్యమంది. వేశాను అన్నాను. మళ్ళీ వెయ్యమంది. గురువారం మూడోవాడు నేరుగా అడిగాడు: "మీరు నిజంగా న్యూజెర్సీలో ఉన్నారా?" ఉన్నాను అన్నాను. "ఇప్పుడు ఉన్నారా?" అన్నాడు. కరెంటు బిల్లు పంపమన్నాడు, పంపాను. డ్రైవింగ్ లైసెన్సు అడిగాడు, అదీ పంపాను. అరగంట చూసి, మీ ఇల్లు హద్దుకి బాగా దగ్గరగా ఉంది, కొంచెం లోపలికి వెళ్ళి ప్రయత్నించండి అని సలహా ఇచ్చాడు. ఇంటిని లోపలికి జరపమంటావా అని టైపు చేసి చెరిపేశాను. పేకాట ఆడేవాడి మాట నమ్మేవాడెవడు అన్న జంకు ఒకటి మనలో ఎక్కడో ఉంటుంది. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన కేసులో, 1960ల చివర్లో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది. అయినా సంక్రాంతికి తోటలో పట్టుబడ్డవాళ్ళని తల దించుకోబెట్టి ఫొటో తీయడం చూస్తూ పెరిగినవాళ్ళం. మూడోసారి "మీరు ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్నారా" అని అడిగేసరికి నాకే అనుమానం వచ్చి కిటికీలోంచి చూశాను.

శనివారం ఆ సలహానే పాటించాను. అవును, చదువుకున్నవాణ్ణి, పాటించాను. సీపీయూ డబ్బాని దుప్పట్లో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టి, సీటుబెల్టు వేసి, టర్న్‌పైక్ హైవే ఎక్కి ఎడిసన్‌లో ఉన్న గుంటూరు స్నేహితుడింటికి వెళ్ళాను. పాతిక మైళ్ళు లోపలికి. ఇంకా లోపలికి వెళ్తే పెన్సిల్వేనియా వచ్చేస్తుంది.

వాడు తలుపు తీసి, నా చేతిలో దుప్పటి చూసి "ఏరా, చంటిపిల్లా?" అన్నాడు. వాళ్ళమ్మగారు ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. ముందు కాళ్ళు కడుక్కుని పెసరట్టు తినమన్నారు. తింటూ సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, "పేకాటకి ఇంత తంటానా నాయనా. మీ మావయ్యగారు తోటలో తువ్వాలు పరుచుకుని ఆడేవారు, తీగా లేదు, డబ్బా లేదు" అన్నారు. నావాడు కింద పడి నవ్వాడు.

టీవీకి తగిలించి, వాళ్ళ రౌటర్ నుంచి వైరు లాగి, లాగిన్ అయ్యాను. మీ లొకేషన్ నిర్ధారించలేకపోతున్నాం. ఎడిసన్ నడిబొడ్డున. మనవాళ్ళ దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డుకి రెండు మైళ్ళలో.

వాడి కూతురు తొమ్మిదో తరగతి. అప్పటిదాకా సోఫాలో ఫోను చూసుకుంటోంది. తలెత్తకుండానే అడిగింది. "అంకుల్, దీనికి వైఫై లేదా?"

లేదమ్మా, వైరు ఉంది కదా, వైరే మంచిది, అని మైక్రో సెంటర్ ఉపన్యాసం మళ్ళీ ఎత్తుకున్నాను. రెండో వాక్యానికే ఆగిపోయాను. "మరి దీనికి జీపీఎస్ ఉండదు కదా అంకుల్. చుట్టుపక్కల వైఫైలు చూసి కదా ఎక్కడుందో కనుక్కునేది. అవి కనబడకపోతే పాపం దానికెలా తెలుస్తుంది?"

పాపం అన్నది కంప్యూటర్ని.

పాత డబ్బాలో వైఫై కార్డు కలిసొచ్చింది. నేను ఏనాడూ దాంతో నెట్ వాడలేదు, కానీ అది తన మానాన తాను పక్కింటి వైఫైల పేర్లు వింటూ కూర్చునేది. ఆ పేర్లతోనే లెక్క తేలేది. కొత్త బోర్డుకి ఇరవై డాలర్లు మిగిల్చి, దానికున్న చెవి నేనే కోసేశాను. రౌటర్ ఆపి వేయించి, బిల్లులు అడిగిన ఆ సపోర్టు ముగ్గురిలో ఒక్కరికీ "మీ మిషన్లో వైఫై ఉందా" అన్న ముక్క నోట్లోంచి రాలేదు. ఉద్యోగమే అదైనవాళ్ళు. పోనీ నాకు తట్టిందా? అదీ లేదు.

ఆ పిల్ల తన గదిలోంచి గోరంత వైఫై డాంగిల్ తెచ్చి యూఎస్‌బీలో గుచ్చింది. కింద మూల చుట్టుపక్కల ఇళ్ళ పేర్లు టపటపా వచ్చాయి. వాటిలో దేనికీ కనెక్ట్ కాలేదు, కానక్కర్లేదు కూడా. వైరు వైరే, వైఫై ఆన్‌లో ఉంటే చాలు. మళ్ళీ లాగిన్ నొక్కాను. ఏడెనిమిది సెకన్లలో లాబీ, అంటే టేబుళ్ళ జాబితా, తెరుచుకుంది. టైము చూశాను, తొమ్మిదిన్నర. అక్కడ ఆడలేదు. పెద్దావిడ ఎదురుగా ధైర్యం చాల్లేదు.

డబ్బాకి మళ్ళీ బెల్టు వేసి ఇంటికొచ్చాను. జెర్సీ సిటీలోనూ మొదటిసారికే ఒప్పుకుంది, నది పక్కనే, ఏ బిల్లూ అడక్కుండా. ఎవరైనా కొత్తగా బిగించుకుంటుంటే వైఫై ఉన్న బోర్డే తీసుకోండి. లేదా ఒక డాంగిల్ పడేసుకోండి. హద్దు దగ్గర ఉండేవాళ్ళయితే నాలా బోర్డర్ని తిట్టేముందు అది చూసుకోండి. ఎనీడెస్క్‌ని మాత్రం మళ్ళీ ఈ మిషన్లో పెట్టలేదు. ఆఫీసువాళ్ళది కాని పాత ల్యాప్‌టాప్ ఒకటి నాన్న కోసమే విడిగా ఉంచాను. ఆయన పేపరు ఆదివారం నుంచి తెరుచుకుంటోంది.

ఆదివారం రాత్రి ఆరు టేబుళ్ళు ఆడాను. ఎక్కడా బిగుసుకోలేదు. మళ్ళీ రెండు రాజులు వచ్చాయి, ఈసారి మౌస్ టక్కున నొక్కుకుంది, మొత్తం తోశాను. అవతలివాడు ఆసూ జాకీతో నా పందేనికి సై అన్నాడు. టేబుల్ మీద తెరిచిన ఆఖరి ముక్క కళావరు ఆసు. వాడి ఆసుల జత నా రాజుల్ని మింగేసింది.

ఆ పిల్ల డాంగిల్ ఇంకా నా దగ్గరే ఉంది. తిరిగిచ్చేద్దామని ఇవాళ సాయంత్రం వాళ్ళింటికి ఫోన్ చేస్తే పెద్దావిడ ఎత్తారు. "గెలిచావా నాయనా?" అన్నారు.

"పాప ఉందా పిన్నిగారూ, ఒకసారి ఇవ్వండి" అన్నాను.