నాకు స్ప్రే పడదు

శ్రీకాకుళంలో ఇప్పుడున్న ఇంటికి మారిన కొత్తలో, వంటగదిలో బొద్దింకలు ఎక్కువగా ఉన్నాయని చెబితే ఇంటి యజమాని మందు కొట్టే మనిషిని పంపించారు. నేను బజారు నుంచి తిరిగి వచ్చేసరికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, గట్టు కింద మూలల్లో తడి ఇంకా ఆరలేదు. లోపలికి అడుగుపెట్టిన పది నిమిషాలకే గొంతు గరగరలాడి, కళ్లు మండి, పెదవుల చుట్టూ చర్మం చిమచిమలాడింది. రాత్రికి పిల్లికూతలు మొదలై, ఇన్‌హేలర్ పీల్చుకుంటూ డాబా మీద కూర్చొనే తెల్లవారించాను. మరునాడు ఫోన్ చేస్తే, "అందరూ కొట్టించుకుంటున్నదే కదమ్మా, వాసనకే ఇలా అవుతుందా?" అని ఆ మనిషి అన్నాడు. వాసన గిట్టకపోవడం వేరు, ఊపిరి ఆడకపోవడం వేరు.

ఇళ్లలో వాడే స్ప్రేల్లోనూ, ప్లగ్గుకు పెట్టే దోమల మందుల్లోనూ ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్లు. ఒక రకం చామంతి పూలలో సహజంగా ఉండే పైరెత్రిన్లను అనుకరించి చేసిన ఈ మందులు డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో సైపర్‌మెత్రిన్, ఇమిప్రోత్రిన్, ట్రాన్స్‌ఫ్లుత్రిన్ వంటి పేర్లతో కనిపిస్తాయి. ఇవి పురుగు నరాల మీద పనిచేస్తాయి. మన శరీరం వీటిని చాలావరకు త్వరగానే విడగొట్టి బయటకు పంపేస్తుంది కాని, ఉబ్బసం ఉన్నవారికి ఆ సన్నని తుంపర, అందులోని ద్రావకం, కలిపిన సువాసన, వీటిలో ఏది తగిలినా ఊపిరి గొట్టాలు బిగుసుకుపోవచ్చు. చర్మం చిమచిమలాడటం పైరెత్రాయిడ్ల విషయంలో వైద్యులకు బాగా తెలిసిన లక్షణమే. ఎండ తగిలితే త్వరగా విరిగిపోయే ఈ మందు, మూసిన గదిలోని దుమ్ములో మాత్రం చాలా రోజులు నిలుస్తుంది. పిల్లిని పెంచుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఈ కోవకే చెందిన పెర్మెత్రిన్‌ను విడగొట్టుకునే శక్తి పిల్లి శరీరానికి చాలా తక్కువ.

పొగ కూడా నాకు పడదని 2018 అక్టోబరులో, తిత్లీ తుఫాను తరువాత తెలిసింది. పలాస దగ్గర మా పుట్టింట్లో రోజుల తరబడి కరెంటు లేక, తలుపులు మూసి రాత్రంతా కాయిల్ వెలిగించుకున్నాం. ఒక్క కాయిల్ నుంచి వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్క కట్టిందని తరువాత చదివాను. మా అత్తయ్య గారు ప్రేమతో సూచించిన వేపాకు పొగను కూడా అందుకే వద్దన్నాను. ఆకు మంచిదే అయినా, ఊపిరితిత్తులకు పొగ పొగే.

బొద్దింకలకు చివరికి పనికొచ్చింది జెల్ మందు. ఇది గాలిలో కలవదు. ఆవగింజంత చుక్కలను అలమర బందుల దగ్గర, ఫ్రిజ్ వెనుక, సింకు గొట్టం గోడలోకి వెళ్లే చోట పెట్టాను. తిన్న బొద్దింక వెంటనే చావదు. తన సందులోకి వెళ్లి చస్తుంది, దాని పెంటను, కళేబరాన్ని తిన్నవి కూడా చస్తాయి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదన్న సంగతి చాలామందికి తెలియదు, ఆ వాసనకు బొద్దింకలు జెల్ దగ్గరికే రావు. వంటింటి చిన్న బొద్దింక గుడ్ల సంచిలో 30కి పైగా గుడ్లుంటాయి, వాటిని మందు చంపలేదు కాబట్టి కొన్ని వారాల తరువాత చుక్కలు మళ్లీ పెట్టాలి. బోరిక్ పొడిని గోధుమపిండి, పంచదారతో ముద్ద చేసి పెట్టినా పనిచేస్తుంది, కాని అది కూడా విషమే, పాకే పిల్లలున్న ఇంట్లో నేనైతే పెట్టను. అన్నిటికన్నా ముందు, రాత్రి ఎంగిలి గిన్నెలు ఉంచకుండా సింకు తుడిచి ఆరబెట్టాను, తూముకు జాలీ వేయించి గోడ పగుళ్లకు తెల్ల సిమెంటు పూయించాను.

దోమలకు కిటికీ మెష్, దోమతెర చాలు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే వరకు సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి, ప్రతి శుక్రవారం కూలర్, కుండీల పళ్లాలు, ఫ్రిజ్ వెనుక ట్రే, పెరట్లో పడేసిన కొబ్బరి చిప్పలు ఒంపేస్తాను.

మొన్న కింది వాటాలో మందు కొట్టించే ముందు యజమాని నాకు ఫోన్ చేసి, ఏ రోజైతే ఇబ్బంది ఉండదో అడిగారు. మిగిలిన జెల్ ట్యూబు తీసుకొని నేనే కిందికి వెళ్లాను.