సెకనుకో దెబ్బ

"నీ మోడల్ పట్టుకున్నది బేరింగ్ లోపాన్ని కాదు, నీ ఫిల్టర్‌ని."

పన్నెండు మంది ఉన్న మీటింగ్‌లో మా సీనియర్ ఇంజనీర్ నా మొహం మీదే అన్న మాట ఇది. స్టుట్‌గార్ట్ దగ్గర ఈ ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. అరవై దాటిన ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. ఆయనకు మాత్రం అందరి ముందు తప్పు పట్టడానికి ఏ మొహమాటమూ లేదు. మన దగ్గరైతే పక్కకు పిలిచి, టీ తాగుతూ చెప్పేవాళ్లు కదా అనుకుంటూ ఆ రాత్రంతా దొర్లాను.

పంపుల మీద వైబ్రేషన్ సెన్సర్లు పెట్టి, బేరింగ్ పాడవకముందే హెచ్చరించే మోడల్ మాది. బేరింగ్ రింగులో చిన్న గుంట పడితే, బాల్ దాని మీదుగా దొర్లిన ప్రతిసారీ ఒక దెబ్బ. బేరింగ్ లోపాల మీద అందరూ వాడే కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ డేటానే తీసుకోండి: 9 బాల్స్, నిమిషానికి 1797 చుట్లు, బయటి రింగులో లోపం ఉంటే సెకనుకి దాదాపు 107 దెబ్బలు. ఆ దెబ్బలకి మెషీన్ కొన్ని వేల హెర్ట్జ్‌లో మోగుతుంది. కింది ఫ్రీక్వెన్సీల్లో షాఫ్ట్ ఊగుడు అన్నిటినీ మింగేస్తుంది కాబట్టి, బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌తో ఆ మోతను మాత్రమే ఉంచి మోడల్‌కి ఇస్తాం.

మోడల్ ట్రైనింగ్‌లో నేను సైపై అనే పైథాన్ లైబ్రరీలోని ఫిల్ట్‌ఫిల్ట్ ఫంక్షన్ వాడాను. అది రికార్డింగ్‌ను ఫిల్టర్ గుండా మొదటి నుంచి చివరికి ఒకసారి, చివరి నుంచి మొదటికి ఇంకోసారి నడుపుతుంది. అంచులు కూడా సర్దుతుంది. గ్రాఫ్ ముచ్చటగా వస్తుంది. కానీ ఫ్యాక్టరీలో ఇంకా రాని శాంపిల్స్‌ను వెనక్కి నడపలేం. అందుకని అక్కడ సెకను సెకనుగా వచ్చే ముక్కలకి మామూలు ఫిల్టర్ పెట్టాను. ప్రతి ముక్కకీ అది సున్నా నుంచి మొదలయ్యేది. మా సెన్సర్ భూమ్యాకర్షణను కూడా కొలుస్తుంది, కదలకుండా ఉన్నా 1 జీ, అంటే భూమ్యాకర్షణ అంత, చూపిస్తుంది. ఖాళీగా ఉన్న ఫిల్టర్‌కి ఆ 1 జీ ఒక్కసారిగా తగిలేసరికి అది మోగేది. సెకనుకో దెబ్బ! దెబ్బలు ఎన్ని అన్నదానికంటే ఎంత పదునుగా ఉన్నాయన్నదానికే మా మోడల్ ఎక్కువ విలువ ఇచ్చేది. ఆ దెబ్బల్ని అది బేరింగ్ లోపమనుకుంది, మేము బాగున్న పంపును ఆపించి విప్పించాం.

నాకు డీఎస్పీ, అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, రాదనుకోకండి. బటర్‌వర్త్ అనే ఫిల్టర్ లెక్కలు చేత్తో వేసినవాణ్ణి. ఫిల్టర్ బొమ్మలో పాత శాంపిల్స్‌ను దాచుకునే డిలే డబ్బాలు వందలసార్లు గీశాను. ప్రతి లెక్క కిందా ఒకే వాక్యం ఉండేది: తొలి స్థితి సున్నా అనుకోండి, అంటే ఆ డబ్బాలు మొదట ఖాళీ. అనుకున్నాను. ఫ్యాక్టరీకి వెళ్లాక కూడా అనుకుంటూనే ఉన్నాను.

ఆదివారం మండపేటకు ఫోన్ చేస్తే బాబాయి ఎత్తాడు. ఆయన రైస్ మిల్లులో స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వినేవాడు. చిన్నప్పుడు నేనూ మోటారు వేయగానే అలా పెట్టి "చప్పుడొస్తోంది బాబాయ్!" అని అరిచాను. హమాలీలందరి ముందూ తిట్టాడు: "దాన్ని నిలదొక్కుకోనియ్యరా! స్టార్టింగ్ చప్పుడు లెక్కలోకి రాదు."

అంటే మనవాళ్లూ అందరి ముందే తిడతారు. కానీ ఆ రాత్రి పిన్ని వడ్డించిన భోజనం బాబాయి పక్కనే కూర్చుని తిన్నాను, తిట్టు అక్కడితో పోయింది. ఇక్కడ తిట్టు తిన్నాక ఒక్కణ్ణే గదికి వచ్చి, తాళం తీసుకుని, అన్నం వండుకున్నాను. నన్ను ఇన్నిరోజులు సలిపింది ఆ మాట కాదేమో, ఆ భోజనం లేకపోవడమేమో.

మీటింగ్ మర్నాడే మా సీనియర్ నా బల్ల దగ్గరికి పెన్సిల్‌తో వచ్చారు. ముందురోజు సంగతి ఎత్తలేదు. ఒక ముక్క చివర డిలే డబ్బాల్లో ఏముందో అదే తర్వాతి ముక్కకి అందించాలని రెండు గంటలు కూర్చుని గీసి చూపించారు. ట్రైనింగ్ డేటాను కూడా అదే కోడ్ గుండా, ముక్కలు ముక్కలుగా పంపి మోడల్‌కి మళ్లీ నేర్పించాను. దొంగ దెబ్బలు పోయాయి.

ఇదంతా విని బాబాయి అడిగింది ఒక్కటే: "ఆ విప్పినవాళ్లు గ్రీజు సరిగ్గా పెట్టారట్రా?"

సోమవారం ఆ ప్రశ్నను మా సీనియర్‌కి జర్మన్‌లో చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించి, బల్ల కింద నుంచి సేఫ్టీ బూట్లు బయటికి లాగారు.