లోపం రాసి మరీ అమ్మే బొమ్మల షాపు

టోక్యోలో యానిమే ఫిగర్లు, అంటే జపాన్ కార్టూన్ పాత్రల బొమ్మలు, ఎక్కడ కొనాలని అడిగితే అందరూ అకిహబారా అంటారు. నన్ను అడిగితే నకానో వెళ్ళమంటాను. షింజుకులో చువో లైన్ రాపిడ్ రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే నకానో, ఐదు నిమిషాల ప్రయాణం. ఉత్తరం వైపు గేటు నుంచి బయటికి వస్తే పైకప్పు వేసిన బజారు వీధి ఒకటి ఉంటుంది. దాని చివరే నకానో బ్రాడ్‌వే. 1966లో కట్టిన బిల్డింగ్. కింది అంతస్తుల్లో షాపులు, పైన జనం కాపురాలు.

నేను హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. ఆఫీసు పని మీద జపాన్ వెళ్ళినప్పుడు శనివారం ఖాళీ దొరికింది. అక్కడి సహోద్యోగి ఒకావిడ, చిన్నప్పటి నుంచీ నకానో ఎరిగిన మనిషి, తోడు వస్తానంది. ఆవిడ రాకపోతే నేను బొమ్మలు చూసి వచ్చేసేదాన్ని. బొమ్మల పెట్టెలకి అంటించిన చీటీల్లో ఏం రాశారో నాకు తెలిసేదే కాదు. నేను ఈ పోస్టు రాస్తున్నదే ఆ చీటీల గురించి.

బ్రాడ్‌వేలో పెద్ద పేరు మందరాకే. మసుజో ఫురుకావా అనే మాంగా (జపాన్ కామిక్స్) కళాకారుడు 1980లో ఈ బిల్డింగ్‌లోనే పాత మాంగా పుస్తకాల చిన్న షాపుగా మొదలుపెట్టాడు. ఇప్పుడు అది ఒక షాపు కాదు, అంతస్తుల నిండా చెల్లాచెదురుగా ఉన్న ఎన్నో గదులు. ఒక గదిలో పాత రేకు బొమ్మలు, ఒకదాంట్లో రైలు మోడళ్ళు, ఇంకొకదాంట్లో కంప్యూటర్లు రాకముందు యానిమేషన్ కోసం చేత్తో రంగులేసిన పారదర్శక సెల్ షీట్లు. మధ్యాహ్నం 12కి తెరుస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళి లాభం లేదు. కింద ఎస్కలేటర్ ఎక్కితే రెండో అంతస్తులో ఆగకుండా నేరుగా మూడో అంతస్తులో దింపుతుంది. అక్కడి నుంచి మెట్ల మీద కిందికీ పైకీ తిరగాలి. ఖరీదైన చేతి గడియారాల షాపులు కూడా చాలానే ఉన్నాయి. వాటి జోలికి మేం వెళ్ళలేదు.

సెకండ్ హ్యాండ్ అనగానే వాడి పారేసిన వస్తువులు అనుకుంటాం. ఇక్కడ చాలా పెట్టెలకి సీలు కూడా తీయలేదు. కారణం ఆవిడే చెప్పింది. జపాన్‌లో గేమ్ సెంటర్లలో క్రేన్ మెషిన్‌తో గెలుచుకునే బొమ్మలు ఉంటాయి. వాటిని కంపెనీలు బహుమతుల కోసమే తయారు చేస్తాయి, మామూలు షాపులకి అమ్మకానికి ఇవ్వవు. ఆటలో సరదా పడి గెలిచినవాళ్ళు బొమ్మని తెచ్చి ఇక్కడ అమ్మేస్తారు. కన్వీనియన్స్ స్టోర్లలో ఇచిబన్ కుజి అని లాటరీ ఉంటుంది. ప్రతి టికెట్‌కీ ఏదో ఒక వస్తువు గ్యారంటీ, ఏది వస్తుందన్నదే అదృష్టం. కోరుకున్నది రానివాళ్ళ వస్తువులన్నీ ఇటే వస్తాయి.

పాత్ర ఎత్తులో ఏడో వంతు, ఎనిమిదో వంతు (1/7, 1/8) సైజుల్లో వచ్చే ఖరీదైన స్కేల్ ఫిగర్ల సంగతి వేరు. వాటికి ముందే ఆర్డర్లు తీసుకుంటారు, బొమ్మ చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ విడత అయిపోయాక కావాలంటే ఇలాంటి షాపులే దిక్కు. అందుకే కొన్ని పాత బొమ్మలు కొత్తప్పటి ధరకంటే ఎక్కువ పలుకుతాయి. కంపెనీ మళ్ళీ తయారు చేస్తామని ప్రకటించిందంటే ఆ ధర కాస్తా దిగిపోతుంది.

ఇక చీటీలు. ప్రతి గాజు అరలో, ప్రతి పెట్టె మీద ధరతో పాటు చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంది. ఆవిడ ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే నేను కదల్లేకపోయాను. పెట్టె ఎడమ మూల నలిగింది. స్టాండ్ లేదు. జుట్టు మీద రంగు కొంచెం పోయింది. ఎండ తగిలి పాలిపోయింది. కత్తి విరిగితే అతికించారు. పెట్టె తెరిచారు, కానీ బొమ్మని బయట పెట్టలేదు. ఒక దాని మీదయితే సిగరెట్ వాసన ఉందని కూడా రాశారు. వాసన! గాజు అర బయట నిలబడ్డ నాకు అది తెలిసే దారే లేదు. చెప్పకపోయినా అమ్ముడుపోయేది. అయినా రాశారు.

నా ఉద్యోగమే లోపాలు పట్టుకుని కాగితం మీద పెట్టడం. అది ఎంత కష్టమో నాకు తెలుసు. లోపం కనబడటం తేలికే, దాన్ని రాయడానికి చెయ్యి రావడమే కష్టం. రాస్తే ధర తగ్గుతుంది, పై నుంచి ప్రశ్నలొస్తాయి. మన దగ్గర పాత ఫోనో, బండో, మంచమో అమ్మేటప్పుడు ‘కొత్తదానిలా ఉంటుందండీ’ అన్న ఒక్క మాటతో సరిపెడతాం. కొనేవాడు ఇంటికెళ్ళాక మిగతాది తెలుసుకుంటాడు. ఇక్కడ వెయ్యి యెన్‌ల ప్లాస్టిక్ బొమ్మకి కూడా ఒక మనిషి కూర్చుని, తిప్పి తిప్పి చూసి, ఉన్నదున్నట్టు రాస్తున్నాడు.

జనం దగ్గర షాపువాళ్ళు పాత బొమ్మలు కొనే కౌంటర్ దగ్గర కూడా కాసేపు నిలబడ్డాను. ఒకాయన పెద్ద ట్రాలీ బ్యాగు నిండా పెట్టెలు తెచ్చాడు. కౌంటర్ అమ్మాయి ఒక్కోటీ లైటు కింద పెట్టి చూసి పక్కన రాసుకుంటోంది. జపాన్‌లో పాత వస్తువుల వ్యాపారానికి 1949 నాటి చట్టం ఉంది. లైసెన్స్ లేకుండా ఈ పని చేయకూడదు, అమ్మడానికి వచ్చినవాళ్ళ గుర్తింపు చూసే బాధ్యత కూడా షాపుదే. దొంగ సరుకు రాకుండా ఆ ఏర్పాటు. మా మందుల పెట్టె మీద బ్యాచ్ నంబర్ ఎందుకుంటుందో ఇదీ అందుకే, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి.

మా తమ్ముడికి డ్రాగన్ బాల్ జీ అనే యానిమేలో పికొలో అనే పాత్ర అంటే ప్రాణం. తెనాలిలో మా ఇంట్లో కార్టూన్ నెట్‌వర్క్ పెట్టి స్కూలు బ్యాగు కూడా దించకుండా చూసేవాళ్ళం. ఒక అరలో పికొలో బొమ్మ కనబడింది. లోపల ఫోటోలు తీయొద్దని బోర్డు ఉంది కాబట్టి మెట్ల దగ్గరికి వచ్చి ఫోన్ చేశాను.

“అక్కా, టోయి స్టిక్కర్ ఉందా పెట్టె మీద?”

“ఉందిరా, మెరుస్తోంది.”

“తెల్ల క్లోక్ ఉందా, తీసేసిందా?”

“ఉంది. పెట్టె సీలు కూడా తీయలేదు. మూల నలిగిందని రాశారు.”

“నలిగితే నలిగింది, తెచ్చెయ్ అక్కా.”

ఆ స్టిక్కర్ గురించి వాడు అంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. డ్రాగన్ బాల్, వన్ పీస్ లాంటి వాటి జపాన్ పెట్టెల మీద ఆ యానిమేలు తీసిన టోయి యానిమేషన్ కంపెనీ స్టిక్కర్ అంటిస్తారు. మనకి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిలో నకిలీలు చాలా ఎక్కువ. కళ్ళ రంగు గీత దాటి ఉంటుంది, పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ వాసన ముక్కుకి కొడుతుంది, తయారు చేసినవాళ్ళ పేరు ఎక్కడా కనబడదు. అందుకే ‘కొత్త’ నకిలీ కంటే పాత అసలుది కొనుక్కోమని అందరికీ చెబుతాను. పికొలోకి 1,200 యెన్‌లు పడింది, మన లెక్కలో సుమారు 700 రూపాయలు.

నా కోసం కార్డ్‌క్యాప్టర్ సకురా అనే యానిమేలోని సకురా నెండొరాయిడ్ తీసుకున్నాను. నెండొరాయిడ్ అంటే పెద్ద తల, చిన్న ఒళ్ళు, పది సెంటీమీటర్ల బొమ్మ. గుడ్ స్మైల్ కంపెనీ 2006 నుంచి చేస్తోంది. ముఖం తీసి వేరే ముఖం పెట్టుకోవచ్చు. నేను చూసిన దాని చీటీ మీద ‘ముఖాల్లో ఒకటి లేదు’ అని ఉంది. బిల్లు దగ్గర షాపతను పెట్టె తెరిచి, చేతులూ కాళ్ళూ మంత్రదండమూ రెక్కలూ అన్నీ ట్రేలో వరసగా పేర్చాడు. పెట్టె వెనక ఫోటోతో ఒక్కొక్కటీ పోల్చి చూపించి, లేని ముఖం దగ్గర వేలు పెట్టి, పర్వాలేదా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తలూపాకే బిల్లు కొట్టాడు. మా ప్లాంటులో ప్యాకింగ్ లైన్ మీద కూడా ఇంత శ్రద్ధగా లెక్క సరిచూసేవాళ్ళని కొద్దిమందినే చూశాను. వాళ్ళంటే నాకు చాలా గౌరవం. అతనన్నా అంతే.

ఒకటి మాత్రం కొనేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం పీవీసీ అనే ప్లాస్టిక్. మాత్రల స్ట్రిప్‌కి వాడేదీ పీవీసీయే, కానీ అది గట్టి రకం, దాన్ని మెత్తబరిచే రసాయనం కలపరు. బొమ్మల పీవీసీలో కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రసాయనం పైకి ఊరి బొమ్మ జిగటగా తయారవుతుంది, గాలి ఆడని పెట్టెలో ఉంటే మరీ త్వరగా. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడిగి, నీడలో ఆరబెడితే చాలావరకు పోతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు, రంగు పోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో గొడవ దీని గురించే. తమ్ముడు పికొలో పెట్టె సీలు తీయనంటున్నాడు, తీస్తే విలువ పోతుందట. “ఎవరికి అమ్ముతావురా దాన్ని?” అంటే “అమ్మను, కానీ సీలు సీలే” అంటాడు. అమ్మ వాడి వైపే. దసరాకి తెనాలి వెళ్ళినప్పుడు పెట్టె తెరిచి, పికొలోని టీవీ పక్కన గాలి తగిలే చోట నిలబెట్టి వస్తాను. చీటీ కావాలంటే నేనే రాసి అంటిస్తాను: పెట్టె తెరిచారు, మూల నలిగింది, బొమ్మకి ఏ లోపమూ లేదు.