సీ షార్ప్ నుంచి మెయిల్: ఎస్‌ఎంటీపీక్లయింట్ ఎక్కడ ఆగుతుంది

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిస్తే, పని అయిపోయిందనుకునే వేళకు ఈ మాట వస్తుంది: "కాంటాలు కాంగనే ఖరీదుదార్లకు బిల్లులు మెయిల్ల పోవాలె సార్." సీ షార్ప్ నడిచే డాట్‌నెట్‌లో మెయిల్ పంపడానికి ఎస్‌ఎంటీపీక్లయింట్ క్లాసు ఉంది. రాయాల్సింది పది లైన్లే కానీ తప్పు జరిగే చోట్లన్నీ వాటిలోనే ఉన్నాయి.

మొదటిది పోర్టు, అంటే సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు. జీమెయిల్ సర్వర్‌కు 465, 587 రెండూ ఉన్నాయి. 465లో కనెక్షన్ మొదటి అక్షరం నుంచే ఎన్‌క్రిప్షన్‌లో ఉండాలి. ఈ క్లాసుకు ఆ పద్ధతి రాదు. మామూలుగా కలిసి, తర్వాత స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో తాళం వేసుకోవడమే వచ్చు. అందుకే 465 ఇస్తే సర్వర్ పలకరింపు కోసం ఇది చూస్తుంది, దీని కోసం సర్వర్ చూస్తుంది. స్క్రీను బిగుసుకుపోయి, 100 సెకన్లకు టైమవుట్ వస్తుంది. 587 పెట్టి, ఎనేబుల్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ట్రూ చేయండి.

రెండోది లాగిన్. జీమెయిల్‌లో మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. యూజ్‌డిఫాల్ట్‌క్రెడెన్షియల్స్‌ను ఫాల్స్ చేసే లైను ముందు, క్రెడెన్షియల్స్ ఇచ్చే లైను తర్వాత రావాలి. తిరగేసి రాస్తే మీరిచ్చిన పాస్‌వర్డ్ చడీచప్పుడు లేకుండా చెరిగిపోతుంది. అప్పుడొచ్చే ఎర్రర్ చాంతాడంత ఉంటుంది, సురక్షిత కనెక్షన్ లేదంటుంది, లేదా లాగిన్ కాలేదంటుంది. ఆ ముందు భాగం వదిలేసి, చివర్లో సర్వర్ అన్న మాట చదవండి. అక్కడ స్టార్ట్‌టీఎల్‌ఎస్ అని ఉంటే ఎనేబుల్‌ఎస్‌ఎస్‌ఎల్ మరిచారు. 5.7.0 ఆథెంటికేషన్ రిక్వైర్డ్ అని ఉంటే గొడవ పాస్‌వర్డ్‌ది.

సబ్జెక్టులో తెలుగు బాగానే వెళ్తుంది. "తేజ మిర్చి, 42 బస్తాలు" అని నిశ్చింతగా రాయొచ్చు. సబ్జెక్టులో పెట్టే పేరును ఎక్సెల్ గడిలోంచి తెచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త. చివర కంటికి కనపడని కొత్త లైను గుర్తు అంటుకుని వస్తే, సబ్జెక్టు దాన్ని ఒప్పుకోక అక్కడే ఎక్సెప్షన్ విసురుతుంది. ట్రిమ్ చేస్తే చాలు.

ఫ్రమ్‌లో దుకాణం అడ్రసు పెట్టి, లాగిన్ వేరే అకౌంట్‌తో చేస్తే జీమెయిల్ దాన్ని లాగిన్ అయిన అడ్రసుగా మార్చేస్తుంది. జవాబులు షావుకారుకే వెళ్లాలంటే ఆయన అడ్రసును రిప్లైటూలిస్ట్‌లో చేర్చండి.

అటాచ్‌మెంట్లలో ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. 20 ఎంబీ ఫైలు 27 ఎంబీ దాకా ఉబ్బుతుంది. మెయిల్ పోయాక పీడీఎఫ్ డిలీట్ కావట్లేదంటే మెయిల్‌ను మోసే మెయిల్‌మెసేజ్ ఆబ్జెక్టు ఆ ఫైలును ఇంకా పట్టుకుని ఉన్నట్టే. దాన్ని యూజింగ్ బ్లాకులో పెట్టండి, పని కాగానే ఫైలును వదిలేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే మెయిల్‌కిట్ అనే లైబ్రరీ తీసుకోవడం మేలు. కొత్త పనులకు ఎస్‌ఎంటీపీక్లయింట్ వద్దని మైక్రోసాఫ్టే చెబుతోంది. మెయిల్‌కిట్‌తో 465 కూడా నడుస్తుంది.