మూడు తాళాల పెట్టె తెరిచిన రాత్రి

2017 సెప్టెంబర్‌లో నాకు మలేరియా వచ్చింది. ఉత్తర ఘానాలో, టమాలే నుంచి యెండి వెళ్లే వైపు, మెయిన్ రోడ్డు దిగి మట్టి దారిలో చాలా దూరం పోతే వచ్చే ఒక పల్లెలో, దగొంబా తెగవాళ్ల మధ్య ఉండేదాన్ని. వెళ్లి అప్పటికి ఎనిమిది నెలలు. అనంతపురం జిల్లాలో ఏడేళ్లు డ్వాక్రా సంఘాలతో పనిచేశానని ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను అక్కడి ఆడవాళ్ల పొదుపు సంఘాలకు తోడుగా పంపింది.

అక్కడ పద్ధతి వేరు. బ్యాంకు ఖాతా ఉండదు. డబ్బంతా ఒక ఇనప పెట్టెలో ఉంటుంది. దానికి మూడు తాళాలు, తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె మాత్రం ఇంకొకరి ఇంట్లో. నలుగురూ ఒకచోటికి వస్తే తప్ప తెరవడం కుదరదు. పొదుపు డబ్బు కాక ఆపద నిధి అని ఇంకో చిన్న గుడ్డ సంచి కూడా ఆ పెట్టెలోనే పెడతారు. వారానికి మనిషికి ఒక సెడి, మనకు రూపాయి లాగా అక్కడ సెడి. జబ్బో, చావో వస్తే అందులోంచి ఇచ్చేస్తారు, తిరిగి కట్టక్కర్లేదు. నేను సభ్యురాలిని కాకపోయినా మొదటి వారం నుంచి నా సెడి కూడా వేసేదాన్ని.

దోమతెర కట్టుకునేదాన్ని కానీ, మలేరియా రాకుండా రోజూ వేసుకోవాల్సిన డాక్సీసైక్లిన్ మాత్ర ఆగస్టులో సరిగ్గా వేసుకోలేదు. వేసుకుంటే కడుపులో మంట, అందుకని ఒకరోజు మానేసి, రెండు రోజులు మానేసి, అలా అలవాటైపోయింది. పైగా ఊళ్లో పెద్దవాళ్లు జ్వరం ఉన్నా పొలానికి పోతుంటే చూసి, ఇక్కడ మలేరియా అంటే మనకు జలుబు లాంటిదేమో అనుకున్నాను. వాళ్లు చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు ఆ జ్వరం పడి లేచినవాళ్లు, వాళ్ల ఒంటికి కొంత తట్టుకునే శక్తి వచ్చి ఉంటుంది, నాకు లేదు. ఆ శక్తి ఇంకా రాని పసిపిల్లలు అక్కడ దీనికే చనిపోతారు. ఇదంతా శిక్షణలో చెప్పారు, నేను నోట్సు కూడా రాసుకున్నాను.

మొదటి రోజు నడుం నొప్పి, సైకిల్ తొక్కడం వల్ల అనుకున్నాను. రెండో రోజు సాయంత్రం చలి మొదలైంది, రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడుతున్నాయి. మూడో రోజు పొద్దున మా అమ్మ ఫోన్ చేసి "ఏమ్మా, గొంతు అట్లుంది?" అంటే జలుబు చేసిందని చెప్పాను. ఆ మధ్యాహ్నం ఊళ్లో అందరూ చిప్స్ అని పిలిచే చిన్న ఆరోగ్య కేంద్రానికి నడిచి వెళ్లాను, మామూలుగా పది నిమిషాల దారి, ఆ రోజు నాలుగుచోట్ల కూర్చున్నాను. నర్సు వేలు గుచ్చి చుక్క రక్తం కిట్ మీద వేసింది. రెండు గీతలు వచ్చాయి. ఆర్టెమెథర్, ల్యూమెఫాంట్రిన్ కలిసిన మాత్రలు ఇచ్చింది, రోజుకు రెండు పూటలు, పూటకు నాలుగు చొప్పున మూడు రోజులకు ఇరవై నాలుగు, నూనో కొవ్వో ఉన్న తిండితో వేసుకోమంది. గంటలోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలట. అరగంటకే అయింది. మళ్లీ వేసుకున్నాను, మళ్లీ అయింది.

ఆ రాత్రి దాహమేసి పక్కింటి పిల్లని పిలిచాను. పిల్ల గుమ్మంలో నిలబడింది. నాకు నీళ్లు కావాలి, కానీ ఆ మాట వాళ్ల భాష దగ్బానీలో గుర్తు రాలేదు, ఇంగ్లీషులో రాలేదు, తెలుగులో కూడా రాలేదు. నోరు తెరుచుకుని ఆ పిల్ల వైపే చూస్తున్నాను. అంత భయం నా జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

పిల్ల పరిగెత్తుకెళ్లి చెప్పినట్టుంది. కాసేపటికి వర్షంలో టార్చిలైట్లు, ఆడవాళ్ల గొంతులు. పెట్టె నా గది బయట వసారాలోనే పెట్టారు. ఒక తాళం తీసిన చప్పుడు, ఇంకో తాళం, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మూడో ఆవిడ ఇల్లు ఊరి చివర. ఆమె వచ్చింది. ఆపద నిధిలో ఉన్న నూట నలభై సెడీల్లో నూట ఇరవై తీసి మోటార్‌కింగ్ మాట్లాడారు. ముందు మోటార్‌సైకిలూ వెనక తొట్టీ ఉండే మూడు చక్రాల బండి అది, బస్తాలు మోసేదీ అదే, అంబులెన్సూ అదే. తొట్టిలో పరుపు వేసి, ఆడవాళ్ల నాయకురాలు మగాజియా నా తల ఒళ్లో పెట్టుకుంది. దారిలో ఒకచోట వాగు పొంగితే డ్రైవర్ దిగి కర్రతో లోతు చూడడం గుర్తుంది. అంతే గుర్తుంది.

జిల్లా ఆసుపత్రిలో చూస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయిందట, ఈ జ్వరం ముదిరితే అలా అవుతుంది. గ్లూకోజ్ పెట్టారు. ఆర్టెసునేట్ ఇంజెక్షన్ చేరగానే ఒకటి, పన్నెండు గంటలకు ఒకటి, ఇరవై నాలుగు గంటలకు ఇంకొకటి ఇచ్చారు. మర్నాడు సాయంత్రానికి లేచి కూర్చున్నాను, అప్పుడు మళ్లీ ఆ ఇరవై నాలుగు మాత్రల కోర్సు. తిండి, బట్టలు మనవాళ్లే చూసుకోవాలి. సంఘంలోంచి ఇద్దరు వంతులేసుకుని నా దగ్గర ఉన్నారు. అవి వేరుశనగ పీకే రోజులు. అనంతపురం మనిషిని, ఆ రోజుల్లో రెండు రోజుల కూలీ వదులుకోవడం అంటే ఏంటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మాత్రలతో పాటు తినమని కోసే తెచ్చేవాళ్లు, అలసందలు రుబ్బి నూనెలో వేసేది, అచ్చం మన అలసంద వడే. పొద్దున కోకో, అంటే అల్లం, మిరియాలు వేసిన పల్చటి సజ్జ జావ. నాలుగో రోజు ఒక గ్లాసు జావ మొత్తం తాగి, అది లోపల నిలబడిందని తెలిశాక ఏడ్చేశాను.

ఊరికి వచ్చాక జ్వరం లేదు కానీ మూడు వారాలు ఒంట్లో శక్తి లేదు, బావి దగ్గరికి వెళ్లొస్తే పడుకోవాల్సి వచ్చేది, దువ్వెన నిండా జుట్టు. పక్కింటి ముసలావిడ వేపాకు మరగబెట్టి నాకు ఆవిరి పట్టించేది. అక్కడ వేప చెట్లు ఎటు చూసినా ఉంటాయి, బ్రిటిష్‌వాళ్ల కాలంలో మన దేశం నుంచి వెళ్లినవే, పేరు కూడా నిమ్ అనే అంటారు. నన్ను బతికించింది ఇంజెక్షనే, అందులో నాకు సందేహం లేదు. కానీ అమ్మోరు పోసినప్పుడు మా అవ్వ పక్కలో వేసిన ఆకు వాసన అక్కడ, దుప్పటి ముసుగులో తగిలేసరికి నిద్ర పట్టేది. ఆ ఇంజెక్షన్ తర్వాత కొందరికి ఆలస్యంగా రక్తం పడిపోతుందని రెండు వారాలకు మళ్లీ పరీక్షకు పిలిచారు. కొంచెం తగ్గింది, ప్రమాదం లేదన్నారు.

నాకున్న టెన్షన్ వేరే. సంచిలో ఇరవై సెడీలే మిగిలాయని నాకు తెలుసు. ఆ మధ్యలో ఎవరి బిడ్డకైనా జ్వరం వస్తే? నడవగలిగిన మొదటి మీటింగుకే నూట ఇరవై తీసుకెళ్లాను. మగాజియా చెయ్యి కూడా చాపలేదు. ఆపద నిధి తిరిగి కట్టేది కాదని చెప్పిందెవరు మేడమ్ అంది. పోనీ వారానికి ఐదు సెడీలు వేస్తానన్నాను. లెక్కలు రాసే అమ్మాయి అడ్డు తగిలింది. అందరూ ఒకటే వేయాలి, ఒకళ్లు ఎక్కువ వేస్తే రేపు వాళ్ల మాటే నెగ్గుతుంది. అది కూడా నేను చెప్పిన సంగతే. ఒక సెడి వేసి కూర్చున్నాను.

అక్టోబర్ చివర్లో ఒక సభ్యురాలి రెండేళ్ల బిడ్డకు రాత్రిపూట జ్వరం వచ్చి మూర్ఛ వచ్చింది. మళ్లీ టార్చిలైట్లు, మళ్లీ మూడు తాళాలు. ఈసారి నేను బయట నిలబడి లైటు పట్టుకున్నాను. సంచి కింద గుమ్మరించి లెక్కపెట్టారు, నూట ఇరవై దాటింది. మోటార్‌కింగ్ వెళ్లాక మగాజియా పెట్టెకు తాళాలు వేయించి, నా వైపు తిరిగి, మాత్ర వేసుకున్నావా అని అడిగింది.