టైగర్ మాత్ ఇంజనుకు చెక్క సిలిండర్లు

పాత విమానాన్ని ప్రదర్శనకు నిలబెట్టేటప్పుడు అసలు ఇంజను దొరక్కపోతే చెక్కతో చేసి పెట్టాల్సిందే. ఇది చూడ్డానికే గానీ ఎగరడానికి కాదు. అనంతపురంలో మంచం కోళ్లు తిప్పే లేత్ మీదే ఈ పని అవుతుంది. కష్టమంతా సిలిండర్ చుట్టూ, గాలికి చల్లబడేందుకు ఉండే పల్చటి రెక్కల దగ్గరే.

టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానంలో ఉండేది జిప్సీ మేజర్ ఇంజను. నాలుగు సిలిండర్లు వరసగా, తలకిందులుగా వేలాడుతుంటాయి. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 118 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 140 మి.మీ. అని పుస్తకాల్లో ఉంటుంది. కానీ అవి లోపలి కొలతలు, బయటికి కనబడేవి రెక్కలు. వాటి వ్యాసం, మందం, ఎడం వేరేచోట ఉన్న అసలు సిలిండర్‌కు వెర్నియర్ పెట్టి తీసుకోవాలి. ఫోటో నుంచి తీస్తే ముందున్న సిలిండర్ పెద్దదిగా, వెనకది చిన్నదిగా వస్తుంది.

ఒకే దుంగలో రెక్కలు తీయొద్దు. దుంగలో పోగు (చెక్క నార) నిలువుగా ఉంటుంది, రెక్క దానికి అడ్డంగా వస్తుంది. అంటే పల్చటి రెక్కలో పోగు పొడవు రెండు మూడు మిల్లీమీటర్లే. ఉలి కాస్త పట్టేసినా అప్పడంలా విరుగుతుంది. పైగా మాను నడిమి భాగం కలిసిన దుంగ మా ఎండలకు అంచు నుంచి నడిమి దాకా చీలుతుంది. చుట్టుకొలత వైపు కుదింపు, వ్యాసం వైపు కుదింపుకు సుమారు రెట్టింపు ఉండటమే కారణం.

అందుకే ప్లైవుడ్ బిళ్ళలు పేర్చడం మేలు. రెక్కకు 4 మి.మీ., మధ్య ఖాళీకి 6 మి.మీ. ప్లైవుడ్ అయితే ఒక రెక్క మొదలు నుంచి తర్వాతి రెక్క మొదలుకు ఎడం 10 మి.మీ. వస్తుంది. మీరు కొలిచింది వేరైతే మందాలు మార్చుకోండి. వాటర్‌ప్రూఫ్ రకమే కొనండి. చవక రకంలో పొరల మధ్య బొక్కలుంటాయి, అంచు తిప్పగానే బయటపడతాయి. ప్రతి బిళ్ళకూ నడిమిలో 12 మి.మీ. రంధ్రం వేసి, మధ్య ఖాళీకి వచ్చే చిన్న బిళ్ళలను ముందే తిప్పి, అంచుకు రంగు కొట్టేయండి. అతికించాక ఆ సందులోకి గరుకు కాగితం పోదు.

ఎపాక్సీ జిగురు కొంచెం కొంచెంగానే కలపండి. మే నెలలో డబ్బాలోనే గట్టిపడిపోతుంది. చిన్న బిళ్ళ అంచుకు 10 మి.మీ. ముందే పూత ఆపేయాలి, లేకపోతే బిగించినప్పుడు సందుల్లోకి పొంగుతుంది. పొడవునా మరలు ఉన్న 12 మి.మీ. రాడ్‌కు పేర్చి, రెండు వైపులా వెడల్పు వాషర్లు వేసి నట్లు బిగించి, రాత్రంతా వదిలేయండి. ఆ తర్వాత 600 ఆర్‌పీఎం దగ్గర రెక్కల బయటి అంచు తిప్పి, కొసను 2.5 మి.మీ.కు సన్నం చేయండి. ఉలి పదును తగ్గితే పై పొర లేచిపోతుంది.

ఆ రాడ్‌ను తీసేయొద్దు. సిలిండర్లు కింద వేలాడతాయి కాబట్టి, దాన్నే వాటి పైనుండే క్రాంక్‌కేస్ పెట్టెలోకి పంపి లాక్ నట్‌తో బిగించాలి. జిగురు ఒక్కదాన్నే నమ్మకూడదు.

సిలిండర్‌కు రెండేసి చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు కావాలి. వాటికి పోగు సన్నగా ఉండే అంకుడు కర్ర బాగుంటుంది. గుండ్రంగా తిప్పి, ఆరు పలకలు ఆకురాయితో తీయండి.

అసలు ఇంజను దాదాపు 140 కిలోలు. చెక్కది అంత తూగదు కాబట్టి తోక మీద భారం పెరుగుతుంది. ఇంజను బిగించే ఫ్రేమ్ దగ్గర ఇనుప దిమ్మెలు బోల్టులతో కట్టి ఆ తేడా పూడ్చాలి.