అమ్మకీ అమ్మమ్మకీ ఒకటే మాత్ర, డోసు మాత్రం వేరు

ఇద్దరికీ రుమటాయిడ్ కీళ్లవాతమే, ఇద్దరికీ వారానికి ఒక్కసారే మెథోట్రెక్సేట్. అమ్మకి 49, అమ్మమ్మకి 74. అమ్మమ్మకి డోసు తక్కువ రాశారేంటి, సరిపోదేమో అని నేనే డాక్టర్‌గారిని గట్టిగా అడిగేశా. ఆ మందు ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుందమ్మా, వయసుతో కిడ్నీ నెమ్మదిస్తుంది, మందు ఒంట్లో నిలిచిపోతే రక్తకణాలు పడిపోతాయి, నోట్లో పుళ్లొస్తాయి అన్నారు, పైగా పెద్దవాళ్లకి కండ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి కిడ్నీ పనితీరు తెలుసుకోడానికి రక్తంలో చూసే, కండల నుంచి వచ్చే వ్యర్థం క్రియాటినిన్ నార్మల్‌గా కనిపించినా నమ్మేయకూడదట! ఇది నాకు అస్సలు తెలీదు. అమ్మమ్మేమో నొప్పి ఎక్కువైనప్పుడల్లా మెడికల్ షాపులో పెయిన్‌కిల్లర్ తెప్పించుకుని వేసుకుంటోంది, అదీ కిడ్నీ మీదే భారం. ఇంటికొచ్చి ఆ స్ట్రిప్పులన్నీ తీసేశా. మాత్రల డబ్బా మీద "మంగళవారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టా.